కుంపటికి లైసెన్సు
(ఒక పట్టణ పఠనమందిరమున ఇచ్చిన ఉపన్యాసము)



రాజ్యాధికారమునకు హద్దు ఎక్కడ అను ప్రశ్నకు సమాధానము చెప్పువారు లోకమున రెండు తెగలుగా నున్నారు. అధికారము మంచివారి చేతిలో నున్నంతకాలము హద్దులతో పనిలేదనువారు ఒక తెగ. అది ఎవ్వరి చేతిలో నున్నను హద్దు ఉండితీరవలెననువారు రెండవ తెగ. ఈ రెండవ తెగవారికే స్వేచ్ఛావాదులని పేరు. స్వరాజ్యము సంపాదించుకొనిన జాతికి మొదటి తెగవారి మాట చెవికింపుగా నుండుట సహజము. ప్రభుత్వము మనది, శాసనసభ మనది, అధికారి మనవాడు, ఇంక భయమేల? ఈ సాయంకాలము మేము మీతో మనవి చేయదలచినది ఇంతే: చట్టములోని దోషము దానిని చేసినవాని మంచితనముచేత తొలగిపోదు. దీనిని సిద్ధాంతములతో స్థాపింపబూనక ఒకే యొక చట్టముయొక్క చరిత్ర చెప్పెదము. అది బంగారపు చట్టము.

అంతకుముందు ఉప్పు చట్టమును ఒక్క నిమిషము స్మరింపవలసియున్నది. 1882 నాటి ఆ చట్టము ప్రకారము అనుమతిలేక సముద్రజలమునుండి పిడికెడు ఉప్పు తీసినవాడు నేరస్థుడు. 1930 ఏప్రిల్ 6వ తేదీన దండి తీరమున మహాత్ముడు ఆ పిడికెడు ఉప్పును తీసెను. మన సర్కారు తీరమునను బందరు మొదలగు చోట్ల కుండలు పొయ్యిలమీది కెక్కినవి, వీపులమీద లాఠీలు పడినవి. ఆనాడు పన్ను ఎక్కువయని మాత్రమే మనవారు మొరపెట్టలేదు. సముద్రము ప్రకృతి యిచ్చినది, చేయి దేవుడిచ్చినది. ఈ రెంటినడుమ అనుమతిపత్రము పట్టుకొని నిలుచుటకు నీవెవ్వడవని దొరతనమును నిలదీసిరి. 1947లో ఉప్పుపన్ను రద్దయ్యెను. ప్రశ్న మాత్రము రద్దు కాలేదు. పదునారేండ్లకు మరల లేచినది. ఈ పర్యాయము సముద్రతీరమున కాదు, కంసాలి వీధిలో.

1962 అక్టోబరులో చీనా సైన్యములు హిమాలయ సరిహద్దులమీద పడినవి. ఆ నెల 26వ తేదీన ఆత్యయికస్థితి ప్రకటింపబడినది. నవంబరు 21వ తేదీన చీనావారు తమంతట తామే కాల్పులు విరమించిరి. యుద్ధము నెలదినములలో ముగిసినది. కాని యుద్ధమునకై పుట్టిన భారత రక్షణ చట్టము ముగియలేదు. ఆ పేరు వినగానే మన పెద్దలకు 1915వ సంవత్సరమును, 1939వ సంవత్సరమును జ్ఞప్తికి రావలసినదే. తెల్లదొరలు తమ రెండు మహాయుద్ధములలోను వాడిన పేరే అది. క్రొత్త యజమాని పాత బీరువాను అమ్మివేయక, రంగైనను మార్చక వాడుకొనినట్లున్నది. ఆ చట్టము క్రింది నిబంధనలలో 1963 జనవరిలో, అనగా కాల్పులు నిలిచిన ఏడు వారములకు, బంగారమును గూర్చి ఒక క్రొత్త భాగము చేర్చబడినది.

దాని సారాంశము వినుడు. 14 కారట్లకు మించిన వన్నెగల నగను ఇకమీదట ఎవ్వడును చేయరాదు. బంగారు వర్తకము చేయువాడు లైసెన్సు పొందవలెను. నగలుగాక కడ్డీలుగాను, తునకలుగాను బంగారముగలవారు పరిమితికి మించినదానిని ప్రభుత్వమునకు తెలియజేయవలెను. ఈ నిబంధనలను తెచ్చిన ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయిగారు. ఆయన సత్యసంధతను మేము లవలేశమును శంకింపము. ఉద్దేశమును దుష్టమైనది కాదు. ఆనాడు అంతర్జాతీయపు లెక్క ప్రకారము పది గ్రాముల బంగారము 53 రూపాయల 58 పైసలు. మన బజారులో అంతకు రమారమి రెండింతలు. ఇంత వ్యత్యాసమున్నచోట దొంగరవాణా జరుగక మానదు. దేశమునకు ఆయుధములు, యంత్రములు కొనుటకు వలసిన విదేశద్రవ్యము సముద్రముమీద దొంగపడవలలో బంగారముగా మారుచున్నదని ప్రభుత్వమువారి ఆవేదన. అది న్యాయమైన ఆవేదనయే. అందుకు వారు పట్టిన దారి ఏది? దొంగపడవను పట్టుకొనుట కష్టము. కుంపటి ముందు కూర్చున్న కంసాలిని పట్టుకొనుట సులభము.

14 కారట్లనగా ఏమో స్త్రీలకు తెలిసినంతగా మంత్రులకు తెలియదు. ఇరువదినాలుగు పాళ్ళలో పదునాలుగు పాళ్ళు బంగారము, తక్కిన పది పాళ్ళు రాగి, వెండి మొదలగు లోహములు. మన ఇండ్లలో వాడుక 22 కారట్లు. అందు కలితీ రెండు పాళ్ళే. ఆ మెత్తని లోహము సుత్తికి సాగును, కమ్మచ్చులో సన్నని తీగగా దిగును, ఊదుగొట్టపు మంటకు మాటవినును. పదిపాళ్ళ కలితీగలది బిరుసు. తీగ తెగును, రంగు మాసిపోవును. తరతరములుగా ఒక లోహమునకు అలవడిన చేతులను ఒక్క రాత్రిలో మరియొక లోహమునకు మరల్చుడనుట, వీణ వాయించువానిని రేపటినుండి డోలు వాయింపుమనుట వంటిది. అయినను కంసాలి నేర్చుకొనియుండునేమో. కొనువాడేడీ? అక్కరకు అమ్మబోయినప్పుడు బజారులో విలువ నిలువని నగను కూతురికి పెట్టు తల్లి మన దేశమున లేదు. లక్షలకొలది స్వర్ణకారుల కుంపటులు చల్లారినవి. కొందరు ప్రాణములే తీసికొనిరి. ఆ వార్తలు పార్లమెంటువరకు పోయినవి. తరువాత ప్రభుత్వమువారు ఋణములనియు, వేరు వృత్తులనియు పునరావాసపు పథకములు ప్రకటించిరి. చేతిలోని సుత్తిని లాగికొని, ఆ చేతికి దరఖాస్తు నిచ్చుట యన్నమాట.

కంసాలి కన్నతల్లి బంగారములోనైనను గోరంత తీయక మానడని మనవారు సామెత చెప్పుకొని నవ్వుకొందురు. ఆ సామెత పలికిన ఇల్లాలే కంసాలిని తన అరుగుమీద కూర్చుండబెట్టి, గురిగింజలతో తూచి యిచ్చి, తూచి తీసికొని, నగ ముగియువరకు ఎదుట కదలక కూర్చుండెడిది. అనుమానమునకు మందు ఆమె చేతిలోనే యున్నది. ఆ మందునకు లైసెన్సు అక్కరలేదు.

ఈ సందర్భమున బంగారము 'చచ్చిన సొత్తు' అని ఆర్థికశాస్త్రజ్ఞులు కొందరు పలుకు మాటను పరీక్షింపవలెను. న్యాయవాదులమైన మేము దస్తావేజులు చూచి చెప్పుచున్నాము. 1937వ సంవత్సరపు చట్టము హిందూ వితంతువునకు భర్త ఆస్తిలో భాగము నిచ్చినను, అది అనుభవించు హక్కే గాని విక్రయించు సంపూర్ణ హక్కు కాదు. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చిన తరువాతనే ఆస్తిమీద స్త్రీకి సంపూర్ణ స్వామ్యము లభించినది. అంతవరకు మన తల్లులకు ఎవ్వరి అనుమతియు లేక అమ్ముకొనదగిన, తాకట్టు పెట్టుకొనదగిన సొత్తు ఏది? మెడలోనిది, చేతులకున్నది. స్త్రీధనమని ధర్మశాస్త్రము పేరుపెట్టి కాపాడినది దానినే. బ్యాంకు గడప తొక్కనిదానికి అదే బ్యాంకు. కరవు వచ్చిన యేట విత్తనములు కొన్నది, మగడు మంచమెక్కినప్పుడు మందు తెచ్చినది ఆ గాజులే. ఢిల్లీలో చచ్చిన సొత్తుగా కనబడునది మన గ్రామములలో ఎన్ని ప్రాణములు నిలిపినదో ఆ లెక్క ఏ ప్రభుత్వ నివేదికలోను ఉండదు.

ఇక చట్టము మాట. మన రాజ్యాంగము 19వ అధికరణములో ప్రతి పౌరునకు తన యిష్టమైన వృత్తిని, వ్యాపారమును చేసికొను హక్కు నిచ్చినది. ప్రజాహితమునకై సమంజసమైన నిబంధనలు మాత్రము విధింపవచ్చునన్నది. మరి కంసాలి కోర్టు కేల పోలేదు? పోయినను ప్రయోజనము లేకుండెను. 358వ అధికరణము ప్రకారము ఆత్యయికస్థితి అమలులో నున్నంతకాలము 19వ అధికరణము ప్రభుత్వమును అడ్డజాలదు. నెల దినములు జరిగిన యుద్ధమునకై 1962 అక్టోబరులో ప్రకటింపబడిన ఆ స్థితి ఎప్పుడు తొలగినదో తెలియునా? 1968 జనవరి 10వ తేదీన! అయిదేండ్లకు పైగా, సరిహద్దున తుపాకి మ్రోగినను మ్రోగకున్నను, తెనాలి కంసాలికి తన వృత్తిని గూర్చి రాజ్యాంగము నుచ్చరించు అవకాశము లేకపోయెను. సభాసదులారా, ఈ తేదీలను మనసున నుంచుకొనుడు. అధికారము విపత్కాలమున పెరుగును. విపత్తు పోయినపుడు తనంతట తాను తగ్గదు.

సడలింపులు లేకపోలేదు. కేకలు మిన్నుముట్టగా 1963లోనే పాత నగను కరగించి ఆ వన్నెతోనే తిరిగి చేసి యిచ్చుటకు చిన్న కంసాలులకు అనుమతి దొరకెను. 1966లో 14 కారట్ల నిర్బంధమే తొలగెను. ఇంతటితో ముగిసెననుకొనిరి. కాని 1968లో, ఆత్యయికస్థితి తొలగిన యేడే, బంగారు నియంత్రణము స్వతంత్రమైన శాశ్వత చట్టముగా అవతరించినది. వర్తకునకు లైసెన్సు, కంసాలికి సర్టిఫికేటు, వచ్చినదానికి పోయినదానికి లెక్కపుస్తకము, తనిఖీ. ఒక వ్యక్తివద్ద 2,000 గ్రాములు, ఒక కుటుంబమున 4,000 గ్రాములు దాటినచో నగలనైనను ప్రకటింపవలెను. యుద్ధమునకై వచ్చిన చుట్టము ఇంటివాడై కూర్చుండెను.

అయితే ఇప్పుడు 19వ అధికరణము మేలుకొనియున్నది. హరక్‌చంద్ రతన్‌చంద్ బాంఠియా మొదలగువారు వేసిన దావాలో సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పినది. బంగారమును నియంత్రించు చట్టము చేయు అధికారము పార్లమెంటునకు కలదని నిలువబెట్టినది. కాని చట్టములోని పలు సెక్షన్లను కొట్టివేసినది. అందు 27వ సెక్షనులోని ఆరవ ఉపవిభాగము మన చర్చకు ప్రాణము వంటిది. లైసెన్సు ఈయవలెనా వలదా అని అధికారి తేల్చుకొనుటకు అందు కొన్ని కొలతలు చెప్పబడినవి: ఆ ప్రాంతమున ఇదివరకున్న వర్తకులెందరు, ముందుముందు నగలకు గిరాకి ఎంతయుండునని అధికారి అంచనా, దరఖాస్తుదారుని అర్హత, ప్రజాహితము. ప్రాంతమనగా గ్రామమా, తాలూకాయా, జిల్లాయా? చట్టము చెప్పలేదు. అర్హత యనగా నేమి? చెప్పలేదు. ఇవి స్పష్టతలేని మాటలనియు, వీనిని ఆధారముగా గొని అధికారి ఏ నిర్ణయమైనను చేయవచ్చుననియు న్యాయస్థానము నిర్ణయించినది.

ఆ మాటలనే నెమ్మదిగా చదివి చూడుడు. రాబోవు సంవత్సరమున తెనాలిలో నగలకు గిరాకి ఎంత? ఇది ఎవ్వనికి తెలియును? మూఢము ఎన్నినాళ్ళున్నది, శ్రావణమున ముహూర్తములెన్ని, మిరప ధర పలికినదా, కాలువకు నీరు వచ్చినదా, ఏ యింట పిల్ల పెండ్లి కెదిగినది, ఏ యింటి పెద్ద జబ్బుపడినాడు — ఇవన్నియు కలిసిన గాని గిరాకి యేర్పడదు. ఈ తెలివి ఒక్క తలలో నుండదు. వేయి తలలలో చిల్లరగా చెదరియుండును. హయెక్ పండితుడు 1945లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో చెప్పిన సంగతి ఇదియే. చెదరిన ఆ తెలివినంతటిని ధర యను చిన్న గుర్తు ఒకరినుండి ఒకరికి అందించుచుండుననియు, ఏ కేంద్ర కార్యాలయమును ఆ పనిని చేయజాలదనియు ఆయన వాదము. అధికారి చెడ్డవాడు కానక్కరలేదు. తెలియుటకు వీలులేనిదానిని తెలిసినట్లు సంతకము చేయవలసివచ్చుటయే అక్కడి యవస్థ. తెలియనప్పుడు మానవుడు ఏమి చేయును? తెలిసినవారి సిఫారసు వినును. లంచమునకు తలుపు తెరచునది అధికారి దురాశ యొక్కటే కాదు, చట్టములోని అస్పష్టమైన మాటయును.

ఇంత చేసినను దొంగరవాణా ఆగినదా? ఎట్లాగును? ఇంటా బయటా ధరలలోని అంతరమే దానికి మూలము; ఆ అంతరము చెక్కుచెదరలేదు. రాజమార్గమున రాదగిన సరకుకు దారి మూసినకొలది దొడ్డిదారి సుంకము పెరిగినది. దొంగరవాణాదారులు కోటీశ్వరులైరి, వారిని గూర్చి చలనచిత్రములును తీసిరి. తుదకు 1990లో పార్లమెంటే ఆ చట్టమును రద్దుచేసినది. కోరిన ఫలము లభింపలేదనియు, చేతిపనివారికి పీడ కలిగినదనియు ప్రభుత్వమువారే ఒప్పుకొనిరి. ఇరువదియేడేండ్లు! 1963లో కుంపటి ముందు నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడు ఆ యొప్పుకోలు వినునప్పటికి నడివయస్సు దాటెను.

ఈ విధానమునంతను ముందుగా పసిగట్టి పేరుపెట్టినవారు రాజగోపాలాచారిగారు. పర్మిటు, లైసెన్సు, కోటాల రాజ్యమని వారు దానిని పిలిచిరి. 1959లో స్వతంత్రపక్షము ఏర్పడినపుడు దానికి అధ్యక్షుడైనవాడు మన నిడుబ్రోలు వాస్తవ్యుడు ఆచార్య రంగాగారు. ఆ పక్షము జమీందారులదియు, పెట్టుబడిదారులదియునని ఎగతాళి చేసినవారుండిరి. సంస్థానాధీశులు అందు చేరినమాట అబద్ధము కాదు. వారివలన ఆ పక్షమునకు బలముతోపాటు అపకీర్తియు వచ్చినది. అయినను రాజాజీ మాటకు అనుభవము తోడున్నది. 1952లో ఆయన ఉమ్మడి మద్రాసు ముఖ్యమంత్రియైన కొలది నెలలకే ధాన్యముమీద కంట్రోళ్ళను ఎత్తివేసెను. ఆంధ్రజిల్లాలు అప్పటి కింకను మద్రాసులోనివే. కరవు వచ్చునని భయపెట్టినవారి జోస్యము ఫలింపలేదు. 1947లో మహాత్ముడును కంట్రోళ్ళను తొలగింపుడని పదే పదే ప్రార్థనసభలలో చెప్పియుండెను. స్వేచ్ఛను గోరుట పాశ్చాత్యుల అరువు సరకని తలచువారు ఈ సంగతి గుర్తింపవలెను.

అయితే స్వేచ్ఛావాదులు చెప్పునదంతయు మేము శిరసావహింపము. ప్రభుత్వము పోలీసు ఠాణా, న్యాయస్థానము తప్ప మరేమియు నడుపరాదనువారు వారిలో కలరు. బడిలేని పల్లెను, వైద్యుడులేని తాలూకాను ఎరిగిన మనకు ఆ మాట రుచింపదు. బంగారము విషయముననే చూడుడు. 22 కారట్లని చెప్పి 18 కారట్లు అంటగట్టువానిని శిక్షించుట ప్రభుత్వ ధర్మమే. 2000వ సంవత్సరమున హాల్‌మార్కు ముద్ర ఐచ్ఛికముగా వచ్చినది. 2021 జూన్‌లో 256 జిల్లాలలో నిర్బంధమైనది. చిన్న పనివానికి దానివలని శ్రమను గూర్చి మాకు సందేహములున్నను, ఆ చట్టముయొక్క జాతి వేరు. "నీవు అమ్మునది ఏమో నిజము చెప్పుము" అని అది యడుగును. 1968 నాటి చట్టము "నీవు పనిచేయుటకు నేను దయతలచవలెను" అన్నది. గీటురాయి చేతబట్టిన ప్రభుత్వము వేరు, కంసాలి పీటమీద తానే కూర్చుండబోయిన ప్రభుత్వము వేరు. పౌరుని నిజాయితీని పరీక్షించు చట్టములకు మేము విరోధులము కాము.

ఇదంతయు గడచిన కథ గదా యని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. ఈ మందిరము వెలుపల తోపుడుబండిమీద జామపండ్లమ్ము మనిషి కథ గడువలేదు. వీథిలో వ్యాపారము చేసికొనుట 19వ అధికరణము క్రింది హక్కేయని సుప్రీంకోర్టు 1989లో సోదన్‌సింగు వ్యాజ్యమున చెప్పినది. పార్లమెంటు 2014లో వీథి వర్తకుల రక్షణకై చట్టము చేసినది. అది మంచి చట్టమేయని మా యభిప్రాయము. సర్వే ముగిసి సర్టిఫికేట్లు ఇచ్చువరకు ఉన్న వర్తకుని వెళ్ళగొట్టరాదని అందు స్పష్టముగా నున్నది. పట్టణ వీథివర్తక సంఘమున నూటికి నలుబదిమందికి తక్కువగాక వీథి వర్తకులే యెన్నికై కూర్చుండవలెను. అయినను అందును సర్టిఫికేటను మాట యున్నది. జనాభాలో నూటికి రెండున్నర వంతులను పరిమితి యున్నది. ఎందరు పండ్లమ్మవలెనో ముందుగా లెక్కగట్టు ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. చట్టము కాగితముమీద నున్నది, లాఠీ వీథిలో నున్నది. బండిని తలక్రిందులు చేయు జవానునకు 2014 చట్టమున్నదని ఎవ్వరు చెప్పవలెను? బండివాడు చెప్పిన వినునా?

కావున మేము మీయెదుట ఉంచు కార్యము చిన్నది. మన పట్టణమున సర్వే జరిగినదా, జరిగినచో ఎప్పుడు, ఎందరి పేర్లెక్కినవి, సంఘమున వర్తకుల ప్రతినిధులెవ్వరు అని పురపాలక కార్యాలయమునకు సమాచారహక్కు చట్టము క్రింద ఒక దరఖాస్తు వ్రాసితిమి. ముప్పది దినములలో జవాబు రావలెను. వచ్చినది వచ్చినట్లు ఈ బల్లమీదనే పత్రికలప్రక్క నుంచెదము. ఎవ్వరి పేరు ఎక్కలేదో వారిని మీలో ఎవ్వరైన ఎరిగియుందురు. వారిని వెంటబెట్టుకొని రండు. అర్జీలు వ్రాసిపెట్టుటకు మేము ప్రతి ఆదివారము ఉదయము ఇచ్చటనే యుందుము.